రెండో రింగు

మా వదిన ఏ పనైనా రెండుసార్లు చేస్తుంది. గేటుకు తాళం వేసి, దాని పక్కనే ఇంకో తాళం వేస్తుంది. మూటకు ముడి వేసి, అది ఊడిపోతుందేమోనని దానిమీద ఇంకో ముడి వేస్తుంది. ఆ రెండో ముడి విప్పలేక నా గోళ్ళు విరిగిన రోజులున్నాయి. కుళాయి కారితే పాత వాషర్ తీసి పారెయ్యదు, దానిమీదే కొత్తది పెట్టి బిగిస్తుంది. ఇదేం పద్ధతి వదినా అంటే, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది కదా అమ్మాయ్ అంటుంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు?

వదినంటే మా ఆయనకు అక్క. మా మామగారు పికప్ బండి నడిపేవారు. లాండ్రీలో ఉతికిన దుప్పట్లు లాడ్జీలకు చేరవెయ్యడం, మాసినవి వెనక్కి తేవడం ఆయన పని. ఆయన పోయేనాటికి మా ఆయన ఇంకా బడిలో ఉన్నాడు. వదిన ఆ స్టీరింగు పట్టుకుంది, ఇంతవరకూ వదల్లేదు. పెళ్ళి మాట ఎవరెత్తినా, బండి పని కాస్త ఒక కొలిక్కి రానీ అనేదట. బండి పని ఎప్పుడైనా కొలిక్కి వస్తుందా? ఆ పాత బండి తుప్పుపట్టి పోయాక తన పేరుమీదే ఇంకోటి కొంది. మా ఆయన చదువు, మేముంటున్న ఇల్లు, చివరికి మా పెళ్ళి కూడా ఆ బండి సంపాదనే. నేను కాదనను.

కాదనను గానీ, ఆ బండి నిలబెట్టేది సరిగ్గా మా పడకగది కిటికీ కింద. తెల్లారకముందే స్టార్టు చేస్తుంది. ఆపి, సరిగ్గా స్టార్టయిందో లేదోనని మళ్ళీ స్టార్టు చేస్తుంది. పొగంతా మా మంచం మీదికి. ఆరేసిన బట్టలన్నీ డీజిల్ వాసన. అందుకే మా ఆయన "బండి అమ్మేద్దాం" అన్నప్పుడు నాకు లోపల్లోపల సంతోషమే కలిగింది, దాచడం దేనికి?

ఆయన ఉద్దేశం మంచిదే. మూటలెత్తి ఎత్తి అక్కకు నడుం పడిపోతోందని ఆయన బాధ. తన స్నేహితుడి బట్టల షాపులో కౌంటరు దగ్గర కుర్చీ మాట్లాడి పెట్టాడు. హాయిగా ఫ్యాను కింద కూర్చోవచ్చన్నాడు. ఈ సంగతి నాకు చెప్పాడు, స్నేహితుడికి చెప్పాడు, బండి కొంటామన్నవాళ్ళకు చెప్పాడు. అక్కకు మాత్రం భోజనాల దగ్గర "ఇక చాల్లే అక్కా" అని ముక్తసరిగా అన్నాడు. ఆవిడ లేచి వెళ్ళి, కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది.

నిప్పు రాజేసింది మెకానిక్. పాత మెకానిక్ షెడ్డు కొడుక్కి అప్పగించి ఇంట్లో కూర్చున్నాడు. ఈ కొడుకు మహానుభావుడికి ఒక అలవాటు. వదిన బండి తీసుకెళ్ళి తాళాలు చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడితే, ఆవిడకు ఒక్క ముక్క చెప్పడు. ఫోన్ తీసి మా ఆయనకు చేస్తాడు. "అన్నా, బండి పొగ కక్కుతోంది, ఆయిల్ మార్చాలి. అయినా ఇంకా ఎందుకన్నా ఈ బండి" అని అటువైపు మాట్లాడుతుంటే, ఇటువైపు ఈవిడ గుడ్లప్పగించి చూస్తూ వినాలి. ఇన్నాళ్ళూ వింది. ఆ రోజు మాత్రం బండి తిప్పుకుని ఇంటికొచ్చేసి, ఇక ఆయిల్ నేనే మార్చుకుంటానని ప్రకటించింది.

మా ఆయన నవ్వాడు. బండి నడపడం వేరు, బండి కిందికి దూరడం వేరు అన్నాడు. ఆవిడ వినలేదు. మాటా మాటా పెరిగింది. చివరికి ఈయన, "సరే అక్కా, ఆదివారం నువ్వే ఆయిల్ మార్చి, సోమవారం బండి రోడ్డెక్కించు. ఇక నేను అమ్మకం మాటెత్తను. కాకపోతే మాత్రం ఇచ్చేద్దాం" అన్నాడు. ఆవిడ నా వైపు చూసి, "నువ్వే సాక్ష్యం" అంది. అక్కాతమ్ముళ్ళ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కున్నాను.

ఆదివారం పొద్దున్నే మా ఆయన ఏదో పనుందని స్నేహితుడి షాపుకు వెళ్ళిపోయాడు. వదిన మామగారి పాత ప్యాంటు, చొక్కా వేసుకుని, మా ఆయన పాత ట్రాక్ ప్యాంటు నా మొహాన పడేసింది. ఎందుకంటే నేను టార్చి పట్టుకోవాలట. నాకు వారానికి దొరికేది ఒక్క ఆదివారం, అదీ బండి కిందేనా అని ఒళ్ళు మండింది. అయినా వేసుకున్నాను.

ఫోన్‌లో ఎవరో కుర్రాడు ఆయిల్ మార్చే వీడియో ఉంది. ఆవిడ దాన్ని రెండుసార్లు చూసింది. అంతా అర్థమైందంది. ముందు ఇంజన్ కాసేపు వేడెక్కించింది. తర్వాత అట్ట పరిచి, పాత ఆయిల్ పట్టడానికి ఒక టబ్బు పెట్టుకుని, వెల్లకిలా పడుకుని కిందికి జరిగింది. ఆయిల్ ట్యాంకు అడుగున ఒక బోల్టుంటుంది, దాన్ని విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. అది విప్పడం మొదలుపెట్టింది. ఎంతసేపు తిప్పినా కదలదు. స్పానర్‌కు పైపు తొడిగి తిప్పింది, అయినా కదలదు. వెల్లకిలా పడుకున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయని, ఆవిడ విప్పడం లేదు, ఇంకా బిగిస్తోందని నాకు అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. అటు కాదు వదినా ఇటు అంటే, నాకు తెలుసులే అంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి ఎవరూ చెప్పనట్టు తనే ఇటు తిప్పింది, బోల్టు వదిలింది.

వదిలితే ఊరుకుందా? వేడి ఆయిల్ ఆవిడ చొక్కా చేతిలోంచి మోచేతి దాకా జారింది. కెవ్వున చెయ్యి లాక్కుంది. బోల్టు టబ్బులో పడింది. ఆ నల్లటి ఆయిల్లో వెతకడానికి లోపలికెళ్ళి గరిటె తెచ్చింది. అది నా గరిటె. మంచిది, పొడుగు కాడది. వద్దనేలోపే ముంచేసింది. పైగా, కడిగిస్తాలే అమ్మాయ్, రెండుసార్లు కడిగిస్తా అంది. ఆ గరిటె ఇక వంటింటి గడప తొక్కనివ్వనని అప్పుడే తీర్మానించుకున్నాను.

బోల్టు దొరికి, తిరిగి బిగించాక ఫిల్టర్. డబ్బాలా గుండ్రంగా ఇంజన్ పక్కన బిగించి ఉంటుంది. పాతది తీసి కొత్తది పెట్టాలి. దాని అంచున ఒక రబ్బరు రింగుంటుంది, ఆయిల్ బయటికి రాకుండా. వదిన పాతది ఊడదీసింది, కొత్తది బిగించింది. నా మెడ పట్టేసింది, టార్చి పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది. ఏదీ, వెలుతురు ఇటు కొట్టు, అటు కొట్టు, నా కళ్ళల్లో కొడతావేం అని ఒకటే సణుగుడు. గరాటు పెట్టి కొత్త ఆయిల్ పోసింది. కొలిచే పుల్ల తుడిచి ముంచి చూసింది. ఇంకోసారి తుడిచి ముంచి చూసింది. సరిపోయిందంది. ఆవిడ మొహం వెలిగిపోతుంటే, ఏదోలే, అయిందనిపించిందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

స్టార్టు చేసింది. బండి కింద నుంచి ఆయిల్ ధారగా చిమ్మింది. నేల మీద, గోడ మీద, నా కాళ్ళ మీద. ఆపండి వదినా ఆపండి అని నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. ఆవిడ ఆపేసి దిగి, నేలంతా నల్లగా నిండిన ఆయిల్ చూసి గడప మీద కూలబడింది. తర్వాత జేబులోంచి బండి తాళాలు తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఇంజన్ పోయింది అమ్మాయ్. వాడు చెప్పినట్టే ఇచ్చెయ్యమను. ఆ కౌంటరు దగ్గరే కూర్చుంటాను" అంది.

నేను కోరుకున్నది అదే కదా. కిటికీ కింద పొగుండదు, బట్టలకు వాసనుండదు. నోరు మూసుకుని తాళాలు మా ఆయన చేతిలో పెడితే సరిపోయేది. కానీ నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దుటినుంచి నా నడుం విరిచి, నా గరిటె నాశనం చేసి, ఇప్పుడు కుర్చీలో కూర్చుంటుందట. మొండితనానికి ఇన్నేళ్ళు పేరు మోసిన మనిషి ఒక్క మడుగు ఆయిల్‌కు చతికిలపడిందంటే నాకే అవమానంగా తోచింది. టార్చి తీసుకుని ఆ ఆయిల్లోనే బండి కిందికి దూరాను.

ఫిల్టర్ దగ్గర వెలుతురు పెట్టి చూస్తే, కొత్త రింగుకూ ఇంజన్‌కూ మధ్య నల్లగా ఇంకో అంచు కనిపించింది. పాత ఫిల్టర్ రింగు. అది ఇంజన్‌కు అతుక్కుని ఉండిపోయింది. రెండూ ఒకదానిమీద ఒకటి జారి, సందిచ్చాయి. ఇంజన్‌కు ఏమీ కాలేదు.

"పాత రింగు ఉండిపోయింది వదినా, మీరు చూసుకోలేదా?" అన్నాను.

"చూశాను. బాగానే ఉందిగా. రెండుంటే ఇంకా గట్టిగా ఉంటుందని ఉంచేశాను."

తల గోడకేసి కొట్టుకుందామంటే బండి కింద గోడ కూడా లేదు. ఇంకో డబ్బా ఆయిల్ పట్రండని అరిచాను. అడగక్కర్లేదు, ఆవిడ ఆయిల్ కూడా రెండు డబ్బాలు కొని ఉంటుంది. పెరట్లోకి పరుగెత్తింది. నేను ఫిల్టర్ విప్పడం మొదలుపెట్టాను.

అప్పుడే గేటు చప్పుడైంది. మా ఆయన. బండి కింద నుంచి బయటికొచ్చిన ట్రాక్ ప్యాంటు కాళ్ళు చూసి, అక్కేననుకున్నాడు. నేల మీది ఆయిల్ చూసి నిట్టూర్చి, నా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కోప్పడలేదు. చాలా మెత్తగా చెప్పాడు.

"బయటికి రా అక్కా. ఎందుకు ఈ అవస్థ? నువ్వు ఆయిల్ మార్చినా మార్చకపోయినా ఒకటే. పోయిన వారమే వాళ్ళకు మాటిచ్చేశాను. రేపు పొద్దున్న వచ్చి బండి తీసుకెళ్తారు."

నా చేతిలో స్పానర్ ఆగిపోయింది. పోయిన వారమే. మరి పందెం దేనికి? ఈ ఆదివారం దేనికి? పిల్లకు బొమ్మ ఇచ్చి ఆడించినట్టు అక్కను ఆడించాడన్నమాట. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను గానీ, తెప్పను అంత ప్రేమగా నిమురుతూ తగలేసేవాణ్ణి అప్పుడే చూశాను. వెల్లకిలా జరుక్కుంటూ బయటికొచ్చాను. నన్ను చూసి ఆయన బిత్తరపోయాడు. వెనక్కి తిరిగితే ఆయిల్ డబ్బా పట్టుకుని వదిన నిలబడి ఉంది. అంతా వింది.

ఆయన ఆవిడతో మాట్లాడలేదు. నా వైపు తిరిగి, "అక్కకు నువ్వైనా చెప్పు. తన మంచికే కదా" అన్నాడు.

"అక్క నీ ఎదురుగానే ఉంది. చెప్పేదేదో తనకే చెప్పు. ఈ బండి గురించి ఊళ్ళో అందరితో మాట్లాడావు, అక్కను ఒక్కమాట అడిగావా?" అన్నాను. గొంతు పెద్దదైంది, కానీలే అనుకున్నాను.

వదిన డబ్బా కింద పెట్టి, నా చేతిలో స్పానర్ తీసుకుని బండి కిందికి దూరింది. నేను పక్కన చేరి వెలుతురు పట్టాను. పాత రింగు గోటితో లాగి బయటికి విసిరింది. అది మా ఆయన బూటు పక్కన పడింది. ఫిల్టర్ బిగించింది, ఆయిల్ పోసింది, నా దగ్గర తాళాలు తీసుకుని స్టార్టు చేసింది. కింద గుడ్డ పెట్టి చూశాను, చుక్క రాలేదు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆయన కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ ఆపి దిగాక, ఆవిడ వైపే తిరిగాడు.

"బండి ఇచ్చేద్దామా అక్కా?"

"ఇవ్వను."

"నీ నడుం..."

"నడుం నాది. మూటలెత్తడానికి మనిషిని పెట్టుకుంటాను. నన్ను అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని" అని కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

మా ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత ఫోన్ తీసి, రేపు రానక్కర్లేదండీ, బండి ఇవ్వడం లేదు, ఓనరు ఒప్పుకోవడం లేదు అన్నాడు. అవతలివాళ్ళు ఓనరు మీరు కాదా అని అడిగినట్టున్నారు. వదిన వైపు చూసి, "మా అక్కండీ" అన్నాడు.