నలభై నాలుగో చిరుగు

మా వదిన చేతులు ఊరుకోవు. కాపురానికొచ్చిన మూడో రోజే మా అన్నయ్య డైరీకి ఊడిపోయిన అట్ట పీకి, కొత్తది కుట్టి, ఆయన అడక్కముందే జేబులో పెట్టింది. కాలేజీ లైబ్రరీలో పదిహేడేళ్ళుగా బైండరు. చిరిగిన పుస్తకం కనబడితే ఆకలి కూడా గుర్తుండదు. ఖాళీగా కూర్చోమంటే మాత్రం కాలు గాలిన పిల్లి.

అలాంటి మనిషిని ముప్పై తొమ్మిదో ఏట పరాయి దేశానికి, ఒక సెమిస్టరు చదువుకి పంపించింది నేనే. కోర్టు ముందు అర్జీలు టైపు చేసి బతికేదాన్ని, దరఖాస్తంటే నాకు లెక్కేమిటి? పాత పుస్తకాలను కాపాడే పని నేర్పుతామన్న ప్రకటన కనబడగానే, ఆవిడ వద్దంటున్నా వినకుండా టైపు చేసి పంపేశాను. పిలుపు వచ్చాక లైబ్రరీ పెద్దాయన మెలిక పెట్టాడు. సర్టిఫికెట్టుతో వస్తే బైండింగు గది ఆవిడదే, ఊరికే వస్తే ఆ గదికి తాళం వేసి పుస్తకాలన్నీ బయటి ప్రెస్సుకు పంపేస్తాడట. అక్కడివాళ్ళు తక్కువ తిన్నారా? మొదటి నెల చూస్తారు, పంతులమ్మ సంతకం పెడితే ఉండటం, పెట్టకపోతే తిరుగు విమానం.

విమానంలోనే మొదలైందట. ముందు సీటు జేబులో ఉన్న కాగితాల మడతలన్నీ గోటితో సాపు చేసింది. పక్కాయన నిద్రపోతుంటే ఆయన ముందున్న సీటు జేబులోవి కూడా చేసింది. దిగాక ఏదో ఆఫీసులో వరసలో నిలబడి, గుమాస్తా బల్ల మీది ఫైళ్ళు వంకరగా ఉన్నాయని సర్దబోతే ఆయన ఒంటికాలి మీద లేచాడు.

అద్దె గది మూడో అంతస్తులో. మంచం, బల్ల, తలుపు సరిగా పడని బీరువా, ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడని కిటికీ. మొదటి వారంలో మంచాన్ని నాలుగుసార్లు జరిపింది. కింది అంతస్తు ఇల్లుగలావిడ పైకొచ్చి, ఇంకా ఎన్నాళ్ళు సర్దుకుంటారని అడిగింది. నిజానికి వదిన సర్దుకోనేలేదు. పెట్టెలో బట్టలు పెట్టెలోనే ఉన్నాయి. పొద్దున్నే ఒక జత తీయడం, మళ్ళీ తాళం వేయడం.

"బీరువా ఉందిగా వదినా, అందులో పెట్టుకోవచ్చుగా?" అన్నాను ఫోన్లో.

"సంతకం పడనీ అమ్మడూ. ఇప్పుడు తీయడమెందుకు, మళ్ళీ సర్దడమెందుకు?"

రోజూ తన మధ్యాహ్నం భోజనం వేళ, అంటే నాకు పొద్దుటి పూట, ఫోన్ చేసేది. మాట్లాడుతూనే నడిచేది. అడుగుల చప్పుడు నాకిక్కడ వినబడేది. ఆవిడ నడక వింటూ టైపు కొట్టి నేను రెండు అర్జీలు తప్పుల తడక చేశాను.

అసలు బాధ క్లాసులో. మొత్తం ఆరుగురు విద్యార్థులు, వదిన కంటే అందరూ చిన్నవాళ్ళు. పంతులమ్మ జుట్టు నెరిసిన సన్నటి మనిషి, మాట పొదుపు. మూడు వారాలైనా సూది ముట్టుకోనివ్వలేదు. చిరిగిన కాగితాన్ని భూతద్దంలో చూడటం, చూసింది రాయడం, అంతే.

"చూడ్డానికా ఇంత దూరం వచ్చింది? చేతులు దురద పుడుతున్నాయే!" అని నా మీద విరుచుకుపడింది. ఏం చేస్తాను, దరఖాస్తు పంపినదాన్ని, పడ్డాను.

మూడో శనివారం మధ్యాహ్నం గదిలో ఉండలేక పనిగదికి వెళ్ళింది. ఎవరూ లేరు. అలమారలో మూతలేని డబ్బా, అందులో ఒక పుస్తకం. కుట్లు తెగాయి, వెన్ను ఊడింది, పేజీలు ఎక్కడికక్కడ చిరిగిపోయాయి. పైగా పేజీల నిండా పెన్సిల్‌తో చిన్న చిన్న అంకెలు. ఎవరి పిల్లలో గీకి ఉంటారనుకుంది. ఇంత గొప్ప బడిలో పుస్తకానికి ఈ గతి పట్టిస్తారా అని ప్రాణం ఉసూరుమంది. వెంటనే చేతులు కడుక్కుంది.

ముందు రబ్బరుతో అంకెలన్నీ చెరిపింది. పలచటి కాగితం పేలికలు కోసి చిరుగులన్నీ అతికింది. ఫారాలు, అంటే మడిచిన పేజీల కట్టలు, విడివిడిగా విప్పి, పాత దారం పీకేసి, కొత్తగా కుట్టి, వెన్నుకి గుడ్డ వేసి బరువు కింద పెట్టింది. ఆదివారం మళ్ళీ వెళ్ళి అట్ట బిగించింది. బల్ల శుభ్రంగా తుడిచి చెత్త బుట్టలో పోసింది. తన జన్మలో అంత బాగా ఏ పుస్తకమూ కుట్టలేదని ఆ సాయంత్రం నాతో చెప్పి మురిసిపోయింది. మూడు వారాల్లో మొదటిసారి ఆ గొంతు వెనక అడుగుల చప్పుడు లేదు. నేనూ మురిశాను, దొందూ దొందే.

సోమవారం పంతులమ్మ ఆరుగురినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఈ వారం మీకు పరీక్ష అని చెప్పి, డబ్బాలో చెయ్యి పెట్టి పుస్తకం తీసింది. తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరు చేశారు?"

వదిన నవ్వుతూ చెయ్యెత్తింది.

పంతులమ్మ పేజీలు తిప్పుతూ మెల్లగా అడిగింది. "పంతొమ్మిదో చిరుగు ఎక్కడ?"

అప్పుడు తెలిసింది. ఆ పుస్తకం అలా చిరిగి ఉండటమే దాని ఉద్యోగం. నలభై ఒక్క చిరుగులకు అంకెలు వేసి, ఇరవై ఆరేళ్ళుగా ప్రతి సెమిస్టరులో నాలుగో వారం ఆవిడ అదే పరీక్ష పెడుతోంది. చిరుగు ఎలా పడింది, ఎటు నుంచి పడింది, ఎందుకు పడింది చెప్పాలి. మా వదిన పరీక్ష పేపరునే అతికించి పారేసింది, తనదే కాదు, ఆరుగురిదీ.

"పాత దారం ఉందా?" అని అడిగిందట పంతులమ్మ.

"చెత్తలో పోశాను."

ఆవిడ పుస్తకం మూసి డబ్బాలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు ఫోన్లో వదిన ఏడ్చింది. "వచ్చేస్తున్నానే. వాళ్ళు పొమ్మనే దాకా ఉండటమెందుకు?"

పక్కనున్న అన్నయ్య ఫోన్ లాక్కుని, తేలిక చేద్దామనుకున్నాడు కాబోలు, "రావోయ్, పెట్టె సర్దే పని కూడా లేదుగా నీకు" అన్నాడు. ఫోన్ నేను మళ్ళీ లాక్కున్నాను. నేను అన్నయ్య వైపు చూసిన చూపుకి ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు. దరఖాస్తు పంపిన నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది. పదిహేడేళ్ళ గది ఆవిడకి నా వల్ల పోతోంది.

ఏడుపు ఆపి ఆవిడే అడిగింది. "అమ్మడూ, నేను చెబితే ఇంగ్లీషులో టైపు చేసి పెడతావా?"

"ఏం చెబుతావ్?"

"ఆ చిరుగులు. ఒక్కోదాన్నీ అతికింది నేనేగా. చేతులకి గుర్తున్నాయి."

మూడు రోజులు చెప్పింది. ఆ మూడు రోజులూ నడవలేదు, ఒక్క అడుగు వినబడలేదు. ఫలానా పేజీ, కింది మూల, బొటనవేలి తడికి నాని చిరిగింది. ఫలానా చోట పురుగు. ఇక్కడ కుట్టు బిగుతై కాగితం కోసుకుపోయింది, కుట్టినవాడు తొందరపడ్డాడు. ఆవిడ మాటకి ఇంగ్లీషు మాట దొరక్క నేను ఎంత తన్నుకున్నా, ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. మా వదినకి అంత ఓపిక ఉందని నాకప్పటిదాకా తెలియదు.

నలభై ఒకటి అయ్యాయి. ఆగలేదు. నలభై రెండు, నలభై మూడు.

"వదినా, ఆవిడ నలభై ఒకటేగా అంది?"

"ఆ రెంటికీ అంకె వేయలేదు. వెన్ను లోపల ఉన్నాయి, విప్పితే తప్ప కనబడవు. విప్పింది నేనేగా."

నేను టైపు మిషను మీంచి చేతులు తీశాను.

"ఇంకొకటుంది, కొట్టు" అంది. "నలభై నాలుగు. పుస్తకం మొత్తం. ఈ మధ్యదే. ఎవరూ అడక్కుండానే ఎవరో బాగుచేశారు. అంకెలు చెరిపేశారు, పాత దారం పారేశారు. చేసిన చెయ్యి పనిమంతురాలిదే. కుదురు లేదు."

అది కొట్టడానికి నాకు కళ్ళు కనబడలేదు. అక్షరాలు వెతుక్కుని కొట్టాను. కాగితాలన్నీ ఫొటోలు తీసి ఫోన్లో పంపితే వదిన అక్కడ అచ్చు తీయించుకుంది.

శుక్రవారం పంతులమ్మ ఆ కాగితాలు పట్టుకుని, పుస్తకం ఒక్కో పేజీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూసిందట. వెలుతురులో వదిన వేసిన అతుకులు కనబడతాయి. అతుకు ఉన్న చోటల్లా చిరుగున్నట్టే. ఒక్కొక్కటీ లెక్క సరిపోయింది. వెన్ను లోపలి రెండింటి దగ్గర మళ్ళీ మళ్ళీ చూసింది. నలభై నాలుగోది రెండుసార్లు చదివింది. చదివి, కలం తీసి, సంతకం వదినని ఉండనిచ్చే కాగితం మీద కాదు, ముందు ఆ జాబితా కింద పెట్టింది. దాన్ని మడిచి పుస్తకంతో పాటు డబ్బాలో వేసింది. వచ్చే సెమిస్టరు వాళ్ళకి ఇదే పరీక్ష అంది. వదిన ఉండే కాగితం మీద సంతకం ఆ తర్వాత పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. మళ్ళీ అడుగుల చప్పుడు.

"మళ్ళీ ఏమైంది వదినా?"

"బట్టలన్నీ బీరువాలో పెట్టేశానే. ఈ ఖాళీ పెట్టె ఎక్కడ పెట్టాలో తోచడం లేదు, గంట నుంచీ చేత్తో పట్టుకుని తిరుగుతున్నా."