గుమ్మానికి కట్టిన గిజిగాడి గూడు

యాప్రాల్‌లో మా ఇంటి వెనక, చెరువు నీళ్లు నిలిచే పల్లంలో తుమ్మచెట్లూ తుంగా కలిసిపోయిన చిత్తడి అడవి కాస్త మిగిలి ఉంది. పొద్దున దీపం పెట్టి అటు వెళ్లి నిలబడటం నాకు అలవాటు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. తెలియనిది ఏదైనా కనిపిస్తే దాని ముందు కూర్చుని చూడమనేవారు.

ఆ శ్రావణంలో నేను చూస్తూ వచ్చింది నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మకు వేలాడే గిజిగాడి గూళ్లను. మగపిట్ట సగం అల్లి, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలంతా చూసుకుని, నచ్చితేనే ఉంటుంది. ఒక ఆడపిట్టకు కొమ్మ చివరి గూడు నచ్చింది. మగపిట్ట దానికి పొడవాటి గొట్టం అల్లి, అందులో ఎక్కడిదో నీలం ప్లాస్టిక్ దారం కూడా చేర్చింది. కొన్నాళ్లకు ఆడపిట్ట నోట పురుగుతో రావడం చూశాను. లోపల పిల్లలున్నాయని తెలిసి దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ వారమే చిలకలగూడలో మా అక్క గృహప్రవేశం. తెల్లవారుతుండగా బావ కారులో నాకోసం వచ్చాడు. నేను చీర మార్చుకునేలోగా చెరువు చూసొస్తానని వెళ్లి, తిరిగొచ్చి డిక్కీలో ఏదో పెట్టాడు. నేను అడగలేదు.

కొత్త పొయ్యి మీద పాలు పొంగుతుంటే అందరూ అటే చూస్తున్నారు. నేను గుమ్మం దగ్గరున్నాను. తల పైన సన్నని కిచకిచ. చూస్తే మామిడాకుల తోరణం పక్కన, కొమ్మ ముక్కతో సహా, గూడు. గొట్టంలో నీలం దారం.

స్టూలెక్కి గూడు పొట్టకు చెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. లోపల కదిలింది.

బావ నవ్వుతూ, పిట్టల డాక్టరమ్మ వచ్చింది చూడండని చుట్టాలతో అన్నాడు.

"బావా, ఇందుల పిల్లలున్నయ్," అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. అంత పొద్దున ఏ పిట్టా కనిపించక, ఖాళీ గూడే అనుకున్నాడట. అక్క భయం వేరు. గుమ్మానికి కట్టింది ముహూర్తం వేళ విప్పితే ఇంటికి మంచిది కాదని.

"గూడు కడితే ఇల్లు నిండుతదంటరు చెల్లె. జెర ఆగు, వ్రతం అయినంక తీద్దాం."

వ్రతం అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పటిదాకా ఆ పిల్లలు బతకవు. అక్కకు ఎదురు చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని గూడుకు ఆనించాను. కాలినట్టు వెనక్కి లాక్కుంది. ఒక్క క్షణం ఆ చేతినే చూసుకుంది.

"విప్పుండ్రి," అంది బావతో.

పీటల మీద కూర్చోవలసిన మనిషి పట్టుపంచెతోనే కారు నడిపాడు. గూడు నా ఒళ్లో ఉంది. తుమ్మకొమ్మ చివరిభాగం పొద్దున తానే విరిచేశాడు కాబట్టి, గట్టుకు దగ్గరగా ఉన్న ఇంకో కొమ్మకు గూడు కట్టాడు. తుంగ చాటుకు తప్పుకున్నాం.

ఆడపిట్ట వచ్చింది. నోట్లో పచ్చపురుగు. అది గూటికి రాలేదు. కొమ్మ విరిగినచోట, ఏమీ లేని గాలిలో, రెక్కలు కొట్టుకుంటూ నిలబడింది. వెళ్లింది. మళ్లీ వచ్చి అదే చోట నిలబడింది. బారెడు దూరంలో పిల్లలు అరుస్తూనే ఉన్నాయి.

అన్నాళ్లు చూసి కూడా నాకీ సంగతి తెలియదు. తన గూడు గుర్తుపడుతుందనుకున్నాను, పోనీ పిల్లల గొంతైనా. దానికి తెలిసింది ఆ చోటు ఒక్కటే.

"ఆ జాగలనే ఉండాలె బావా," అన్నాను.

పొద్దున గూడు లాగిన వెదురుగడ గట్టు మీదే పడి ఉంది. అతను నడుముల్లోతు నీళ్లలోకి దిగి, విరిగిన కొమ్మ వెంబడి ఆ గడను కట్టి, దాని చివర గూడు వేలాడదీశాడు. కుడికి జరపమనీ, ఇంకాస్త కిందికనీ నేను గట్టు మీంచి చెబుతుంటే, ముళ్లు గీరుకున్న వీపుతో, పిల్లవాడిలా చెప్పినట్టల్లా చేశాడు.

ఈసారి ఆడపిట్ట చాలాసేపు రాలేదు. వచ్చి ఆ చోటే నిలబడబోయి, గొట్టాన్ని పట్టుకుని, లోపలికి దూరింది. అరుపులు ఒక్కసారి పెరిగి, ఆగాయి.

ఫోన్ మోగింది. అక్క.

"పంతులుగారిని ఆపిన చెల్లె. తల్లొచ్చిందా?"

వచ్చిందని చెప్పమని ఫోన్ బావకు ఇచ్చేసి, ఆ బురదలోనే చేతులు జోడించాను.