రంగు పీలికల ఎన్నిక

ఎంకన్న పోర్ట్ లూయిలోని ఒక అచ్చుకూటంలో అక్షరాలు కూర్చేవాడు. పుట్టింది అదే ద్వీపంలో, రోజ్ బెల్ దగ్గరి చెరకు ఎస్టేటు కూలీల కాంపులో. చిన్నతనంలో మిల్లులో ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఇక చెరకు నరకలేడని తండ్రి బడిలో వేశాడు. వారమంతా పట్నంలో ఉండి, శనివారం సాయంత్రం రైలెక్కి భార్య ముత్యాలమ్మ దగ్గరికి వచ్చేవాడు.

1911లో ఒక ఇంగ్లీషు కరపత్రం అచ్చుకని అతని చేతికొచ్చింది. ఓటరు ఒక్క పేరుతో సరిపెట్టుకోకుండా తనకు నచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలనీ, ఎవరి బలం ఎంతో వారికి అన్ని స్థానాలే దక్కాలనీ అందులో ఉంది. ద్వీపం శాసనసభకు ఓటు వేసే హక్కు ఆస్తి ఉన్నవాళ్లకే తప్ప ఎంకన్నలాంటి వాళ్లకు లేదు. అయినా తప్పులు దిద్దుకునే ఆ ప్రూఫు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రైల్లో మళ్లీ చదువుతుంటే అతని మనసు తమ తెలుగు సభ మీదికి పోయింది.

నాలుగు కాంపుల్లోని తొంభై ఇళ్లు కలిసి పెట్టుకున్న సభ అది. ఇంటికో ఓటు. ఏటా ఐదుగురు పెద్దలను చేతులెత్తి ఎన్నుకునేవారు. యాభై ఇళ్లు పెద్ద కాంపువే కాబట్టి ఐదుగురూ అక్కడివాళ్లే గెలిచేవారు. తెలుగు బడి కూడా అక్కడే. ఎంకన్నదీ కలిపి తక్కిన మూడు చిన్న కాంపుల పిల్లలు చెరకు తోటల మధ్య గంటసేపు నడవాలి. వానలు పట్టాయంటే ఒక్కరూ వచ్చేవారు కాదు.

ఆ ఏటి సమావేశంలో ఎంకన్న లేచి వరుస ఓటు గురించి చెప్పాడు. సభ పెద్ద సర్దారు రంగయ్య ఓపిగ్గానే విన్నాడు. పొలంలో కూలీల మీద అజమాయిషీ, రామభజనలో మద్దెల, రెండూ ఆయనవే.

"మనోళ్లలో సంతకం ఎట్టగలిగినోళ్లు ఎంతమంది ఎంకన్నా? అంకెలెవులేత్తారు?" అన్నాడు.

జనం నవ్వారు. ఎంకన్న కాగితం జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి అన్నం తింటూ జరిగింది భార్యకు చెప్పాడు. ముత్యాలమ్మ నలుగురికీ బట్టలు కుడుతుంది. కుట్టుపని ముందేసుకుని అడిగింది. "అంకెలే కావాలేటి? మనిసికో రంగు ఎట్టండి. దారానికి పీలికలు కట్టమనండి. ముందు కావలసినోడు పైన, ఆ తరవాతోడు కింద. రంగులు గుర్తుపట్టనోడు ఉన్నాడేటి?"

ఎంకన్న జేబులోని కాగితం తీసి పక్కన పెట్టాడు. ఇన్నాళ్లూ కాగితం పట్టుకుని తిరిగినందుకు సిగ్గేసింది.

భార్య చెప్పిన ఉపాయమిదని రంగయ్యకు చెప్పినా, ఆ ఏడు మాత్రం చేతులెత్తే ఎన్నికే జరిగింది. మళ్లీ ఐదుకి ఐదూ పెద్ద కాంపుకే. చిన్న కాంపులవాళ్లు ఎవరితోనూ గొడవపడలేదు, సభకూ భజనలకూ రావడం మానేశారు. శ్రీరామనవమి భజనకు రంగయ్య మద్దెల వాయిస్తుంటే అందుకునే గొంతులు లేవు. రెండో కీర్తనతోనే ఆపేశాడు.

మర్నాడు ఆయనే ఎంకన్న ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"అమ్మీ, నీ పీలికల సంగతి నాకు ఓపాలి సూపించు" అన్నాడు ముత్యాలమ్మతో.

ఆ తర్వాతి ఎన్నిక దారాలతో జరిగింది, ఇంటికో దారం. ఏడుగురు పోటీ చేశారు, ఎంకన్నతో కలిపి. అతనిది పచ్చరంగు. పైన ఎవరి రంగు ఉంటే ఆ దారం వాళ్లది; పదహారు దారాలు దక్కినవాళ్లు గెలిచినట్టు. తొంభై దారాల్లో ఐదుగురికి పోగా ఆరోవాడికి పదహారు రావడం కుదరదు. అందరికన్నా వెనకబడినవాడి పీలిక కత్తిరించి, ఆ దారాన్ని కిందిరంగు మనిషికి ఇవ్వాలి.

పై రంగులు లెక్కపెడితే ముగ్గురికి అప్పటికే సరిగ్గా పదహారేసి వచ్చాయి. పెద్ద కాంపు గోపాలుకు పద్నాలుగు. చిన్న కాంపు వీరాస్వామికి పదమూడు. ఇంకొకతనికి ఎనిమిది. అందరికన్నా తక్కువ, ఏడు, ఎంకన్నకే.

కత్తెర అతని చేతిలోనే ఉంది. "ఇంకోపాలి లెక్కెడదామా?" అని రంగయ్య నెమ్మదిగా అడిగాడు.

"అక్కర్లేదు బావా, లెక్క సరిగ్గానే ఉంది" అన్నాడు ఎంకన్న. మూడు వేళ్ల చేత్తో దారం పట్టుకుని, పచ్చ పీలికలు ఒక్కొక్కటే కత్తిరించాడు. వాటిలో ఐదింటికి కింద వీరాస్వామి పసుపు, రెండింటికి గోపాలు నీలం. ఇద్దరూ గెలిచారు.

పెద్ద కాంపువాళ్లు ముగ్గురు, చిన్న కాంపులవాళ్లు ఇద్దరు. చిన్న కాంపులకు రెండో బడి మాట వచ్చినప్పుడు పెద్ద కాంపు ముగ్గురూ ఒకటై కాదంటారనే అందరూ అనుకున్నారు. గోపాలు ఒప్పుకున్నాడు.

"నన్ను గట్టెక్కించింది సిన్న కాంపులోళ్ల దారాలు రెండు. ఏ మొగం ఎట్టుకుని కాదంతాను?" అన్నాడు తనవాళ్లతో.

ఎంకన్న అక్కడితో ఆగలేదు. శాసనసభ ఎన్నికలకూ ఇదే పద్ధతి పెట్టాలనీ, తమలాంటివాళ్లకూ ఓటు ఇవ్వాలనీ గవర్నరుకు మహజరు రాసి, తొంభై ఇళ్లవాళ్ల చేతా వేలిముద్రలు వేయించాడు. అందిందని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. మరుసటి ఏడు మళ్లీ రాశాడు. ఆ తర్వాతా రాశాడు. తన జీవితంలో శాసనసభకు ఒక్కసారైనా ఓటు వేయలేదు.

ఆ ఎన్నికైన ఏడే కొత్త బడి వీరాస్వామి ఇంటి పక్క పాకలో ఒక ఆదివారం తెరిచారు. చదువు చెప్పేది ఎంకన్నే. మొదటిరోజు పదకొండుమంది పిల్లలొచ్చారు. జోరున వాన.