తైపింగ్ నుంచి వరంగల్‌కు ఇల్లుటం

మా పెళ్లి హనుమకొండలో జరిగింది. తాళి కట్టకముందే సుశీల నా దగ్గర ఒక మాట తీసుకుంది. నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మా మలేషియాలో ఉండాలి, ఆ తర్వాత ఆమె ఊళ్లో ఉండాలి. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. రిటైర్మెంటంటే మా నాన్నలాంటి వాళ్లకు వచ్చే కీళ్లనొప్పి లాంటిదనుకున్నాను. సరే అనేశాను.

ఇరవై ఎనిమిదేళ్లు ఇట్టే గడిచిపోయాయి. మా తాతలు సిక్కోలు వైపు నుంచి రబ్బరు తోటలకు వెళ్లినవాళ్లు. నేను తైపింగ్ ఊళ్లో నీటి శాఖలో గుమస్తాను. వచ్చే ఏడాది పదవీ విరమణ. పోయిన దీపావళి నాడు సుశీల గారె నూనెలో వేస్తూ, "ఇగ మా ఊరు పోదామా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, అనుమానం లేదు. అదే నన్ను భయపెట్టింది.

ముందు ఊరు చూసి, ఇల్లు ఎక్కడో తేల్చుకుని వద్దామన్నాను. నా మనసులో ఉన్నది వేరు. వరంగల్ చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఒక వంక పెట్టి, నోట్‌బుక్కులో రాసుకుని తిరిగి రావాలని. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో ఖర్చుల పేజీ కూడా ఉంది, ఈ దారిన వచ్చేవాళ్లకు పనికొస్తుందని గీతలు గీసుకున్నాను. కాని అల్లుణ్ణి జేబులో చెయ్యి పెట్టనివ్వని జిల్లా అది. పన్నెండు రోజుల్లో ఆ పేజీకి ఎక్కింది రెండు టీలు.

ఎనభై మూడు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పినాంగులో ఓడ ఎక్కాం. ఏడు రోజులు. మొదటి మూడు రోజులు నేను ఏమీ తినలేదు, తిన్నదీ నిలవలేదు. సుశీల మాత్రం డెక్కు మీద కూర్చుని అందరికీ వరంగల్ గురించి చెప్పింది. మద్రాసులో ఒక రాత్రి ఉండి, మర్నాడు ఉదయం ఏడుంబావు బండి పట్టుకున్నాం. బెజవాడలో పెరుగన్నం పొట్లాలు కొన్నాం.

ఖమ్మంలో ఒక పెద్దమనిషి జాంకాయల గంపతో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. ఎవరు, ఎక్కడివాళ్లు, పిల్లలెందరు అన్నీ అయ్యాక, ఇప్పుడెక్కడికని అడిగాడు. మా ఆవిడది హనుమకొండ, ఉద్యోగం అయిపోతే అక్కడే ఉండిపోదామని అన్నాను.

"అంటె అత్తగారి ఊర్ల ఇల్లుటమా?" అన్నాడు.

ఆ మాట నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. హైదరాబాదులో నాలుగేళ్లు చదివినా ఎవరూ అనగా వినలేదు. పదవీ విరమణకు ఇక్కడి తెలుగు మాట అయి ఉంటుందనుకున్నాను. ఇల్లు ఉంది, విశ్రాంతిలా వినిపిస్తోంది, బాగుంది. "అవునండీ, వచ్చే మార్చి నుంచి ఇల్లుటం," అని ఠీవిగా చెప్పాను.

ఆయన నా తెల్లజుట్టు వంక చూశాడు. "గీ వయసులనా," అని, గంపలోంచి రెండు దోర జాంకాయలు తీసి నా చేతిలో పెట్టాడు. సుశీల కిటికీ వైపు తిరిగి భుజాలు కదిలిస్తోంది. పుట్టిన గడ్డ చూసి ఏడుస్తోందనుకుని వీపు నిమిరాను.

సాయంత్రం ఆరున్నరకు వరంగల్లో దిగాం. స్టేషనుకు నా బావమరిది వీరేశం వచ్చాడు. కాలేజీలో నా గదిలో ఉండేవాడు, అప్పుడు నన్ను ఒరేయ్ అనేవాడు. చెల్లెల్ని ఇచ్చిన నాటి నుంచి బావా, మీరు. నా చేతిలోని గొడుగు కూడా లాక్కున్నాడు. హనుమకొండలో అతని ఇంటి పైన రెండు గదులున్నాయి, అవి మాకేనన్నాడు. రాత్రి భోజనంలో పప్పులో నెయ్యి, కూరలో నెయ్యి, చారులో నెయ్యి. అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో వచ్చినవాళ్లకు నూనె లేదని మా అమ్మ అనేది. ఇక్కడ అల్లుడికి నెయ్యి తప్ప ఇంకేమీ లేదు.

మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి వీరేశం నన్ను ఎనుమాముల మార్కెట్టుకు తీసుకెళ్లాడు. అతను మిర్చి వ్యాపారి. యార్డు నిండా ఎర్రటి రాసులు, బస్తాలు, అరుపులు. హమాలీలు చుట్టూ మూగి, సేటు బావను చూసి నవ్వుతూ ఏం పని మీద వచ్చారని అడిగారు.

"ఇల్లుటం వస్తున్నాను," అన్నాను.

యార్డులో ఒక క్షణం తూకాలు ఆగాయి. వీరేశం ఏదో చెప్పబోయాడు గాని, సరిగ్గా అప్పుడే మిర్చి ఘాటు నా ముక్కుకెక్కింది. తుమ్మాను. ఒంటితుమ్ము మంచిది కాదు, మంచి మాట చెప్పాక అసలే కాదు. రెండోది తుమ్మితే దోషం పోతుందని అందరూ చూశారు. రెండోది వచ్చింది, వెంటనే మూడోదీ వచ్చింది. అలా పదకొండు దాకా పోయింది. హమాలీలు బస్తాలు దించేసి వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు.

"పదకొండైనయి. ఇంకొక్కటి తుమ్ముండ్రి బావా, సరిపోతది," అన్నాడు వాళ్లలో పెద్దవాడు. ఎంత ప్రయత్నించినా పన్నెండోది రాలేదు. వీరేశం ముఖం కూడా మిరపపండులా ఉంది. ఘాటు అతనికీ తగిలిందనుకున్నాను.

అయిదో రోజు మరిపెడ ప్రయాణం. అక్కడ సాయిలు అనే రైతు ఉన్నాడు, వీరేశానికి ఏటా మిర్చి వేస్తాడు. రోడ్డు పక్కన తనకున్న జాగా చూపిస్తానన్నాడు. ఏడున్నర బస్సు ఎనిమిదింబావుకు కదిలింది. వీరేశం బస్టాండులోనే మా టికెట్ల డబ్బులు కండక్టరు చేతిలో కుక్కాడు. నా పక్కన ఒక ముసలాయన. ఏ ఊరని అడిగితే మలేషియా అన్నాను.

"మల్యాలనా? మా అక్కనిచ్చింది గదే ఊర్ల. ఎవలోళ్లు మీరు?"

మల్యాల కాదండీ, మలేషియా, సముద్రం అవతల అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, మల్యాల కాడ చెరువుంది గాని సముద్రమెక్కడిదన్నాడు. తొర్రూరు దాకా ఇదే పంచాయితీ. తర్వాత నేనే ఓడిపోయి, అవును మల్యాలే, ఇల్లుటం పోతున్నానన్నాను. ఆయన ఈ సంగతి వెనక సీటుకు, వెనక సీటువాళ్లు కండక్టరుకు చెప్పారు. మరిపెడలో దిగేటప్పుడు బస్సులో సగం మంది నన్ను చూడటానికి కిటికీల్లోంచి వంగారు. ఇంత మర్యాద మా నీటి శాఖలో ఎప్పుడూ జరగలేదు.

సాయిలు నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి, మంచం దిగనివ్వలేదు. జాగా చూస్తానంటే నలుగురు కలిసి మంచం ఎత్తి ఎండలోంచి రోడ్డు దగ్గరికి తెచ్చి, అదుగో అని చూపించారు. లారీలు ఆగే చోటు, హోటలు పెడితే బాగా నడుస్తుందట. సావుకారి ఇంటి అల్లుడు తమకూ అల్లుడేనన్నాడు. నోట్‌బుక్కులో రాశాను: మరిపెడ, నడవడానికి వీల్లేదు.

ఏడో రోజు హసన్‌పర్తి. సుశీల పిన్ని భాగ్యమ్మది ఆ ఊరు. డెబ్బై ఏళ్ల మనిషి, కొడుకులు ముగ్గురూ దగ్గరే ఉన్నారు. ఇంటి వెనక చిన్న ఇల్లు ఖాళీగా ఉంది, మనుషులు మంచివాళ్లు, చెరువు గాలి చల్లగా ఉంది. వంక దొరకడం కష్టమైంది. మర్నాడు పొద్దున్నే ఆరింటికి లేచి బావి దగ్గరికి వెళ్లి బకెట్టు దించాను. సగం తోడానో లేదో, గోడ మీద మూడు తలలు లేచాయి. అల్లునితో నీళ్లు తోడిస్తున్నారా, అని ఒకావిడ గట్టిగానే అంది. భాగ్యమ్మ పరుగున వచ్చి తాడు పట్టుకుంది. నేను ఈ చివర, ఆమె ఆ చివర.

"వదిలెయ్యండి చిన్నత్తయ్యా. ఇల్లుటం వచ్చేవాణ్ణి, నీళ్లు తోడుకోకపోతే ఎలా?" అన్నాను.

ఆమె తాడు వదిలేసింది. నా చేతిలోంచీ జారి బకెట్టు దభాలున బావిలో పడింది. ఆమె గట్టు మీద కూలబడింది.

"ఎవలన్నరు నాయనా ఆ మాట? ఇంట్ల మగపిల్లలు లేక, ఎవుసం చూసెటోడు లేక అల్లున్ని తెచ్చి ఇంట్ల పెట్టుకుంటరే, గది ఇల్లుటం. మాకేం తక్కువైందని నిన్ను తెచ్చుకుంటం?"

అంటే ఇల్లరికం. జాంకాయల పెద్దమనిషి, ముప్పై మంది హమాలీలు, మరిపెడ బస్సు, మంచం మోసిన నలుగురు, అందరూ వరసగా కళ్లముందు తిరిగారు. యాభై నాలుగేళ్ల మనిషిని, అత్తగారింట్లో తిని పడుకోవడానికి సముద్రం దాటి వస్తున్నానని నేనే ఊరూరా దండోరా వేసుకున్నాను. సుశీలను నిలదీశాను, ఎందుకు చెప్పలేదని.

"ఎంత సంబురంగ చెప్తాండ్రో! ఎట్ల ఆపాలె?" అంది, కొంగు నోట్లో కుక్కుకుంటూ.

నాకు నవ్వు రాలేదు. హనుమకొండ తిరిగి వచ్చి రెండు రోజులు మేడ దిగలేదు. ఈ ఊళ్లో ఉండనని, ఉంటే చచ్చేదాకా ఇల్లుటపు అల్లుణ్ణేనని చెప్పేశాను. అప్పుడు ఆమె నవ్వు ఆగింది. మాట ఇచ్చింది మీరు, వద్దంటే నేను పట్టుకుని కూర్చోను అంది. ఆ తర్వాత ఊరు గురించి ఎత్తలేదు. నాకు కావలసిందదే. అయినా అన్నం సహించలేదు.

పదకొండో రోజు ఉదయం తొమ్మిదింటికి సుశీలకు ఒడిబియ్యం పోశారు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. అందులో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు. భాగ్యమ్మ హసన్‌పర్తి నుంచి వచ్చి మొదటి దోసిలి తనే పోసింది. ఈ బియ్యం ఆడబిడ్డ తీసుకుపోయి తన ఇంట్లో వండుకుని, నలుగురికి పెట్టాలట.

వీరేశం నా ముఖం చూసి మాట కలపబోయాడు. వచ్చే ఏడు ఎక్కడికీ మోసుకుపోనక్కర్లేదు, పోయించుకుని పై గదుల్లోనే వండుకోవచ్చు అన్నాడు.

"పైన గూడ నీ ఇల్లేనాయె. పుట్టింటి బియ్యం పుట్టింట్ల వండుతరా? నా ఇంటెనక వండినా గంతే. దాని ఇంట్ల అది వండాలె," అంది భాగ్యమ్మ.

పదకొండు రోజుల్లో నా నోట్‌బుక్కు చెయ్యలేని పని ముసలమ్మ ఒక్క ముక్కలో చేసింది. చూసిన ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. నాకు లోపల సంతోషం పొంగింది. అంతలో సుశీల వైపు చూశాను. ఒడిలో బియ్యం పట్టుకుని, లేవడం మర్చిపోయి, అలాగే కూర్చుని ఉంది. పుట్టిన ఊళ్లో ఆమెకు పొయ్యి లేదు. నా సంతోషం మీద నాకే అసహ్యం వేసింది.

పన్నెండో రోజు, తిరుగు ప్రయాణం. బండి పదింటికి. అయిదున్నరకే లేచి, నడిచి వస్తానని చెప్పి బయటపడ్డాను. నక్కలగుట్ట దాటాక ఒక సందులో కిరాయికి ఇవ్వబడును అని బలపంతో రాసిన పలక కనిపించింది. చిన్న పెంకుటిల్లు, పక్కనే యజమాని వాటా. ఆయన నిజామాబాదు వైపు నుంచి వచ్చిన రిటైర్డు హెడ్‌మాస్టరు, ఈ జిల్లాలో చుట్టరికం లేని ఏకైక మనిషి. నన్ను సార్ అన్నాడు. ఏం పని చేసేవారని అడిగాడు. నీటి శాఖ అన్నాను.

"అయితే జర ఈ బాయి చూడుండ్రి సార్. గిరక మొత్తుకుంటాంది," అని తాడు నా చేతికిచ్చాడు.

ఎవరి అల్లుణ్ణని అడగలేదు. గోడ మీద తలలు లేవలేదు. ఎనిమిది బకెట్లు తోడి ఆయన తొట్టి నింపాను. గిరకకు నూనె కావాలని చెప్పాను. చొక్కా తడిసి ఒంటికంటుకుంది, హాయిగా ఉంది. వచ్చే మార్చి నుంచి మాకే ఇవ్వాలని మాట తీసుకున్నాను. దారిలో నా డబ్బుతో రెండు టీలు తాగాను.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. బండి ఎక్కాక చెబుదామనుకున్నాను, ఎక్కాక సిగ్గేసింది. మానుకోటలో ఒకావిడ ఎక్కి సుశీల పక్కన కూర్చుంది. ఒళ్లోని పసుపు మూట చూసి, ఒడిబియ్యమా, ఎక్కడికి తీసుకుపోతున్నావని అడిగింది.

"మా ఇంటికి. తైపింగుల ఉంటది," అంది సుశీల.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమెకు అది మీ ఊరు. ఎన్నిసార్లు చెప్పినా ఒక్కసారి కూడా మా అనలేదు. ఇప్పుడు, అలసిపోయిన గొంతుతో, ఎవరో తెలియని ఆవిడకు చెప్పింది. నేను గెలిచాను. ఎదుటివాళ్లు వింటున్నా సరే, పెంకుటిల్లు, హెడ్‌మాస్టరు, గిరక, ఎనిమిది బకెట్లు అన్నీ చెప్పేశాను.

డోర్నకల్ దగ్గర ఆమె, వంటింటి కిటికీ ఎటువైపుందని అడిగింది. నేను వంటింట్లోకే పోలేదు. బావి చూసి ఇల్లు ఖాయం చేసిన మనిషి ప్రపంచంలో ఇంకెవరైనా ఉన్నారా అని ఆ ప్రయాణికురాలితో కలిసి ఖమ్మం దాకా తిట్టింది.

ఈ దారిన వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మనుషులు మంచివాళ్లు, నెయ్యి మంచిది, తెలియని మాటకు అవునని మాత్రం తల ఊపకండి. అత్తగారి ఊళ్లో ఉండొచ్చు, ఇల్లు మాత్రం పరాయివాళ్ల దగ్గర తీసుకోవాలి.

ఖమ్మం దాటాక, సగం బియ్యం దాచిపెట్టు, వచ్చే మార్చిలో ఆ ఇంట్లో మొదటి వంటకు పనికొస్తాయని సుశీలతో అన్నాను.

"పురుగు పడుతయి. ఇవి తైపింగుల వండుత. వచ్చే ఏడు మల్ల పోస్తరు, అవి హనుమకొండల వండుత," అని మూట తీసి నా ఒళ్లో పెట్టి, కాళ్లు చాపుకుని పడుకుంది. బెజవాడ వచ్చేదాకా ఆ బియ్యం నా ఒడిలోనే ఉన్నాయి.