నాలుగు వేల నూట పదిహేడో మనిషి

కనిషాయ్ పీహెచ్‌డీలో చేరుతున్నానని చెప్పినప్పుడు అత్తగారు సాయ్కాల్ పిండి పిసకడం ఆపి, "అంటే డాక్టరమ్మవేగా? నా మోకాలు చూస్తావా మరి?" అని అడిగింది.

"మోకాళ్లు చూసే డాక్టర్ని కాదు అత్తమ్మా. ఆస్పత్రి రిపోర్టులన్నీ కంప్యూటర్‌తో చదివించే చదువు ఇది."

"చదివేది కంప్యూటరైతే పట్టా నీకెందుకే?" అంది సాయ్కాల్. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో ఆ చదువు గురించి తెలిసినవాళ్లే తక్కువ. ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు.

కనిషాయ్‌కి మాత్రం అది ఎందుకో బాగా తెలుసు. ఆమె నారిన్ కొండల్లో గొర్రెలు కాసేవాళ్ల ఇంటి పిల్ల. బళ్లో చదివే రోజుల్లో బాబాయి కుడి డొక్క పట్టుకుని నొప్పి, నొప్పి అనేవాడు. గొర్రెల కాపలా కుక్కల నుంచి మనిషికి అంటుకునే ఒక పురుగు వల్ల లివర్‌లో నీటితిత్తి పెరుగుతుంది. వేళకు కోసి తీస్తే మనిషి దక్కుతాడు, లోపలే పగిలితే దక్కడం కష్టం. బాబాయికి పగిలింది. తిత్తి ఉందని స్కానింగ్ రిపోర్టులో ముందే రాసి ఉందట. దాన్ని ఎవరూ చదవలేదు. అలా ఎవరూ చదవని రిపోర్టులను చదివి, ఆస్పత్రికి మళ్లీ పిలవాల్సినవాళ్లను పట్టుకునే ప్రోగ్రాం రాయాలని ఆమె పట్టుదల.

మొదటి ఏడాది లెక్కలకూ ఇంగ్లిష్ పరీక్షకూ సరిపోయింది. రెండో ఏడాదంతా రిపోర్టుల కోసం కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది, కానీ షరతు పెట్టింది. పేర్లు, తండ్రి పేర్లు, ఊళ్లు, ఆస్పత్రులు తీసేసి రోగికో నంబరు పెట్టాలి. తేదీలు కొన్ని రోజులు అటూ ఇటూ జరపాలి. ఏ నంబరు ఎవరిదో చెప్పే ఫైలును కమిటీ కళ్లెదుటే చెరిపెయ్యాలి. న్యాయమైన షరతే. కొండ ఊళ్లలో ఫలానా పిల్లకు జబ్బుందని బయటికి పొక్కితే ఆ పిల్ల పెళ్లి చెడినట్టే.

కనిషాయ్ ఏ పనైనా ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి. వేల రిపోర్టుల్లో ఎక్కడా ఒక్క పేరు ముక్క మిగల్చలేదు. కమిటీ పెద్దాయన రెండు మూడు చోట్ల తెరిచి చూసి, "శభాష్ అమ్మాయ్! ఇక వీళ్లని దేవుడు కూడా గుర్తుపట్టలేడు" అన్నాడు. ఆ మాటకు ఆమె పొంగిపోయింది. పిచ్చిది, ఇంటికెళ్లి అత్తగారికి కూడా చెప్పుకుంది.

డాక్టర్లు సగం రష్యన్‌లో, సగం కిర్గిజ్‌లో, మిగతాది ఎవరికీ తెలియని పొడి అక్షరాల్లో రాస్తారు. వాటిని కంప్యూటర్‌కు నేర్పేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. మూడో ఏడాది చలికాలంలో ప్రోగ్రాం మొదటిసారి సరిగ్గా నడిచి, అందరూ మరిచిపోయిన రోగులను వరసగా బయటపెట్టింది. అందులో నాలుగు వేల నూట పదిహేడో నంబరు దగ్గర కనిషాయ్ ఆగిపోయింది. ఇరవై మూడేళ్ల అమ్మాయి, ఏడో నెల గర్భిణి. బిడ్డను చూడటానికి చేసిన స్కాన్‌లో లివర్ మీద పెద్ద తిత్తి, పలచని గోడ. "వెంటనే సర్జన్‌కు చూపించాలి" అని రాసి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. స్కాన్ తీసి ఏడాది కూడా కాలేదు.

గైడ్ సైరా అబ్దీయెవ్నా స్క్రీన్ చూసి చప్పట్లు కొట్టింది. "ఇదే నీ థీసిస్! నీ ప్రోగ్రాం పనిచేస్తోందే!"

"మేడం, ఆ అమ్మాయి బతికే ఉండొచ్చు."

సైరా చప్పట్లు ఆగిపోయాయి. ఆవిడ మంచి మనిషి. ఆ రోజే కమిటీకి ఫోన్ చేసింది. కమిటీ పెద్దాయనా మంచివాడే. "ప్రాణం సంగతమ్మా, రూలు పక్కన పెట్టండి, వెతకండి" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. వెతకడానికే ఏమీ మిగల్లేదు.

రిపోర్టులో మాటల తీరు నారిన్ వాళ్లదిలా అనిపించి కనిషాయ్ వ్యానెక్కి వెళ్లింది. అక్కడి ఆస్పత్రి స్కానింగ్ డాక్టరమ్మ టీ ఇచ్చి కూర్చోబెట్టింది. "ఆ పాత మెషిన్ పోయిందమ్మా. కంప్యూటర్ కూడా మార్చేశారు, పాతవన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా."

"నా దగ్గర పేర్లు లేవు. మీకెవరైనా గుర్తున్నారా? ఏడో నెల, చిన్న వయసు..."

"నేను కడుపులు చూస్తాను తల్లీ, మొహాలు కాదు."

రేడియోలో ప్రకటన వేయించారు. కొందరు తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని వచ్చి మళ్లీ స్కాన్ చేయించుకున్నారు. వాళ్లెవరికీ తిత్తి లేదు. తిరుగు దారిలో వ్యాను నిండా ఆ వయసు అమ్మాయిలే. ఒకామె డొక్క తడుముకుంది. "నీకు అక్కడ నొప్పిగా ఉందా?" అని కనిషాయ్ అడిగేసింది. "మీ మోచెయ్యే పొడుచుకుంటోందక్కా!" అంది ఆమె. వ్యాన్లో అందరూ నవ్వారు.

థీసిస్ డిఫెన్స్‌లో, ప్రశ్నలడిగే పెద్దల్లో ఒకాయన ఆ రోగులు ఏమయ్యారని అడిగాడు. తెలియదని చెప్పింది. "పరిమితుల అధ్యాయంలో ఒక వాక్యం చేర్చండి" అన్నాడాయన. చేర్చింది. పట్టా వచ్చింది.

ఆ సాయంత్రం సాయ్కాల్ కడాయి పెట్టి బోర్సోక్‌లు, అంటే చిన్న చిన్న పిండి ముక్కలు వేయించింది. ఆ నూనె వాసన పోయినవాళ్లకు చేరుతుందని, పేరుపేరునా తలుచుకుని ప్రార్థన చేస్తారు. ప్రార్థన చదివే పెద్దమామ ఎషెన్‌కుల్ వచ్చి కూర్చుని సాయ్కాల్ భర్త పేరు తలుచుకుని, కనిషాయ్ బాబాయి పేరు అడిగి చెప్పించుకున్నాడు. "ఇంకెవరైనా ఉన్నారా?"

"ఒకమ్మాయి ఉంది మామయ్యా."

"పోయిందా? ఉన్నవాళ్లకైతే వేరే చదవాలి."

"తెలీదు."

"సరేలే, రెండూ చదువుతా. పేరు చెప్పు."

కనిషాయ్ నోరు తెరిచింది. ఆ నంబరు తప్ప ఆమెకు ఏమీ తట్టలేదు.

"డాక్టరువైపోయావు, ఆ మాత్రం తెలీదుటే?" అంది సాయ్కాల్.

"తెలిసేది అత్తమ్మా. నేనే చెరిపేశాను."

ఎషెన్‌కుల్ అరచేతులు పైకి తెరిచి, పేరు కోసం అలాగే ఎదురుచూస్తున్నాడు.