రెండుసార్లు పిలిచి ఊరుకున్నాను

సునామీ వచ్చిపోయిన తర్వాతి వేసవిలో మా అబ్బాయి సముద్రం ఒడ్డున గుడారం వేసుకుని పడుకుందామన్నాడు. వాడికి అనకాపల్లిలో బడిపిల్లల్ని దింపే పాత వేను ఉండేది. సెలవుల్లో అది ఊరికే ఎండకి ఎండుతుంటే చూడలేక పుట్టిన ఆలోచన. పూడిమడకలో ఒక పూట, నక్కపల్లి దాటాక మళ్లీ సముద్రం వైపు తిరిగి ఇంకో పూట, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగడం. టీవీలో ఎవరో అలా తిరిగారట.

"సముద్రం పక్కన పడుకోడమేటి? ఉన్న ఇల్లు బరువైపోనాదా?" అంది మా కోడలు. "ఆ నీళ్లు మల్లీ లెగిసొత్తే?"

"లెగిసొత్తే వేనుంది కదే. ఎక్కి వచ్చెద్దాం."

"నీ వేను ఎవులైనా తోత్తే గాని కదల్దు. సునామీయే తోత్తాది గావాల."

పిల్లలిద్దరూ అప్పటికే ఎక్కి కూర్చున్నారు. మనవరాలికి ఆరేళ్లు, మనవడికి మూడు. ఇంక కోడలి మాట చెల్లలేదు. నా భార్య అప్పటికి పోయింది కాబట్టి ఇంట్లో నన్నొక్కణ్నీ వదలలేక నన్నూ ఎక్కించుకున్నారు.

గుడారానికి టార్పాలిన్ నేను తెచ్చాను. నలభై ఏళ్లు బెల్లం యార్డులో కలాసీగా దిమ్మలు మోసినవాణ్ని, ఆ మాత్రం గుడ్డ అడిగితే ఇవ్వరా? ఉతికాను, ఎండేశాను. అయినా తెల్లారేసరికి అందరి ఒంటిమీదా చీమలే. ఒడ్డున ఉన్న చీమలన్నిటికీ కబురు వెళ్లినట్టుంది.

"గుడారం తెమ్మంటే బెల్లం గిడ్డంగి తెచ్చేవేటి నాన్నా?" అన్నాడు మా వాడు వీపు గోక్కుంటూ. మనవరాలు టార్పాలిన్ మూల ఒకటి నాకి చూసి, "తియ్యగానే ఉంది" అంది. నవ్వుకున్నాం. ఆ ప్రయాణంలో నేను నవ్వింది అదే ఆఖరు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా ఇల్లు రోడ్డుమీదకే ఉంటుంది. ఎప్పుడూ చెరుకు లారీలు. ఎవరు పిలిచినా, ఏ గొంతు విన్నా మనవరాలు గుమ్మం దూకి రోడ్డుమీద పడేది. అరిచాం, కొట్టాం, లాభం లేకపోయింది. ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను: "దెయ్యం మనకి తెలిసిన గొంతుతోనే పిలుత్తాదమ్మలూ. కాని రెండుసార్లే పిలవగలదు. మూడోది దానివల్ల కాదు. మూడోసారి పిలిసేదాకా పలక్కు, కదలకు. ఈ మాట ఎవులికీ సెప్పకు, సెప్తే అది వినేత్తాది."

నాకు మా అవ్వ చెప్పిన మాటే అది. మా వైపు అందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అక్షరాలు నాకు యాభై దాటాక రాత్రిబడిలో వచ్చాయి. అంతకుముందు నాకు తెలిసిందంతా చెవిన పడిందే, ఆ పడినదాన్నే పిల్ల చెవిన వేశాను. నేను మాత్రం నమ్మలేదు. యార్డులో ఒంటరిగా కాపలా పడుకున్న రోజుల్లో ఏ దెయ్యమూ నన్ను ఒక్కసారైనా పిలవలేదు. అయితే మందు పనిచేసింది. ఆ రోజునుంచి పిల్ల గుమ్మం దాటడం మానేసింది. రెండుసార్లు పిలిస్తే కదిలేది కాదు. వాళ్లమ్మ "పెంకిగుంట, పెంకిగుంట" అని మొత్తుకునేది. నేను ఏమీ తెలియనట్టు చుట్ట కాల్చుకునేవాణ్ని.

రెండోరోజు నక్కపల్లి దాటి సముద్రం వైపు వెళ్లాం. ఒకపక్క సరుగుడు తోట, ఇంకోపక్క ఉప్పుటేరు. ఆ వేళప్పుడు ఏట్లో పాదం మునిగేంత నీళ్లే. ఏటి మధ్యలో ఇసుకమీద ఎవరిదో పాత పడవ బోర్లించి ఉంది. కోడలు ఒడ్డున చేపలు కొని పులుసు పెట్టింది. తిని, తోట నీడలో టార్పాలిన్ పరుచుకుని ఒరిగాం. కడుపునిండా తిని, సముద్రపు గాలి తగిలితే కళ్లు మూతలు పడక ఏమవుతాయి?

కోడలి కేకకి లేచాను. "గుంటేదీ?"

మనవడు తల్లి పక్కనే ఉన్నాడు. మనవరాలు లేదు.

మా వాడు తిన్నగా సముద్రానికి పరుగెత్తాడు. వాడి మనసులో ఏముందో తెలుస్తూనే ఉంది. కోడలు చిన్నవాణ్ని చంకనేసుకుని తోటలోకి పోయింది. నేను ఏటి గట్టుకి వెళ్లాను. నడినెత్తిన ఎండ. కింద ఇసుక, పడవ, అంతకుమించి ఏమీ కనపడలేదు.

"అమ్మలూ!" అన్నాను. ఆగాను. "అమ్మలూ!"

జవాబు లేదు. లేనిచోట అరిచి ఏం లాభమని తోటవైపు తిరిగాను.

సరుగుడు తోట మధ్యాహ్నంపూట మంచిది కాదంటారు. గాలి లేకపోయినా అది ఏదో అంటూనే ఉంటుంది. చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. సముద్రం వైపునుంచి మా వాడి గొంతు ఒకసారి వినిపించింది. వాడు ఇంకోచోటికి పరుగెత్తి ఇంకోసారి పిలిచాడు. కోడలి గొంతు నాకు ఎడమన ఒకసారి, వెనకాల ఒకసారి. పిలిచే మనుషులెవరూ కనపడరు, గొంతులు మాత్రం చెట్లమధ్య తిరుగుతున్నాయి. 

తోట అంచున ఒకామె చేపలు ఎండబెడుతోంది. నా మనవరాల్ని చూశావా అని అడిగాను.

"నేదు తాతా. ఇందాకట్నించి కేకలు ఇంటన్నాను. పిలిత్తే పలకదేటి నీ మనవరాలు? సెవుడా?"

"సెవుడు కాదమ్మా. మూడోసారికి గాని పలకదు."

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. వచ్చాక గాని నేను వినలేదు. 

"అలగ నిలబడిపోనావేటి?" అందామె. "ఏటి వైపు సూసేవా? పోటు తగిలింది, నీళ్లెక్కేత్తాయి. బేగెళ్లు."

నా కాళ్లు ఎంత పరుగెత్తగలవో అంత పరుగెత్తాను. ఆమె నన్ను దాటిపోయింది. గట్టుమీదకి వచ్చేసరికి ఇసుక లేదు. ఏరు నిండుతోంది. పడవ అంచులు నీళ్లలో మునిగి, వీపు మాత్రం తేలినట్టు కనపడుతోంది.

ఇందాక నిలబడిన చోటే నిలబడ్డాను. ఒకసారి పిలిచాను. రెండోసారి పిలిచాను. రెండోదానికీ మూడోదానికీ నడుమ ఆగిపోయాను. మూడోసారి పిలిచినా పలక్కపోతే? అదొక్కటే భయం. ఆ తర్వాత ఇంక పిలవడానికి ఏముంటుంది?

మూడోసారి పిలిచాను.

"తాతా!" పడవ కిందనుంచి వచ్చింది, కుండలోనుంచి వచ్చినట్టు.

ఆమె చీర ఎగదోపుకుని దూకింది. పడవ ఒకపక్క దుంగమీద ఆనించి ఉంది. పిల్ల దూరిన సందు అప్పటికే నీళ్లలో మునిగిపోయింది. ఆమె మునిగి, చెయ్యి పెట్టి, జబ్బ పట్టి లాగింది. నేను పడవ అంచు ఎత్తిపట్టానని చెప్పుకోవచ్చు గాని, అది నావల్ల చీమంత కూడా కదల్లేదు. లోపల పిల్లకి గుండెలదాకా వచ్చాయట నీళ్లు.

కేకలు విని కొడుకూ కోడలూ వచ్చారు. మా వాడు కొట్టడానికి చెయ్యెత్తి, అదే చేత్తో పిల్ల తల పట్టుకుని ఏడ్చాడు.

"ఎందుకు పలకనేదే? ఇంతమంది పిలిసేం కదా!"

పిల్ల వణుకుతూ చెప్పింది. "దెయ్యాలు పిలిసేయి నాన్నా. అన్నిపక్కలా. అమ్మలాగ ఒకటి, నీలాగ ఒకటి. ఒక్కొక్కసారి పిలిసి పారిపోతన్నాయి. నేను పడవకి అవతలపక్క బైటే ఉన్నాను, గవ్వలేరతన్నాను. తాతలాగున్నది దగ్గరికే వచ్చేసినాది. రెండుసార్లు పిలిసి ఊరుకున్నాది. తాతయితే మల్లీ పిలుత్తాడు కదా? అందుకే పడవ కిందకి దూరిపోయేను."

నా పిలుపు వినకపోతే ఆ పిల్ల గవ్వలు ఏరుకుంటూ బయటే ఉండేది. నీళ్లు పాదాలకి తగిలితే గట్టెక్కేది. నేను వెళ్లి పిలిచాను కాబట్టే పడవ కింద దూరింది.

"రెండుసార్లని ఎవులు సెప్పేరే నీకు?" అంది కోడలు.

పిల్ల చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దన్నాను కదా. భయానికి పళ్లు కొట్టుకుంటున్నా పెదవులు బిగించింది.

"నేనే సెప్పేను," అన్నాను.

కోడలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మావయ్యా, మీకు పున్నెముంటాది. నా పిల్లలకి ఇంకెప్పుడూ ఏటీ సెప్పకండి" అని, పిల్లని టార్పాలిన్‌లో చుట్టి వేను దగ్గరికి తీసుకుపోయింది. మా వాడు ఆ మత్స్యకార్ల ఆమెకి దణ్ణం పెడితే, ఆమె "సాల్లే బాబూ, నా సేపలు కాకులెత్తుకుపోతన్నాయి" అని వెళ్లిపోయింది.

ఆ గట్టు నాకు ఇప్పటికీ కనపడుతుంది. కళ్లు మూసుకోనక్కర్లేదు. ఎండలో ఒక ముసలాడు వచ్చి నిలబడతాడు, రెండుసార్లు పిలుస్తాడు, వెనక్కి తిరుగుతాడు. నేను ఎప్పుడూ పడవ వైపునుంచే వాణ్ని చూస్తుంటాను. ఆగరా అనాలనిపిస్తుంది.

ఆ రోజు వేను ఎక్కబోతూ పిల్లకి చెయ్యి అందించాను. తల్లి చీర వెనక్కి వెళ్లిపోయింది.

"దెయ్యాల్లేవమ్మలూ. అబద్దం సెప్పేను. గట్టుమీద పిలిసింది నేనే."

"నువ్వేనా?"

"నేనే."

"మరి మల్లీ ఎందుకు పిలవనేదు?"

పిల్ల వంగి నా కాళ్లు చూసింది. మొదట ఎందుకో తెలియలేదు, తర్వాత అర్థమైంది. దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని పిల్లలందరూ చెప్పుకునేదే కదా. చెప్పులు విప్పి, పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వేను మెట్టుమీద పెట్టాను. బురద ఉంటే చేత్తో తుడిచాను. పిల్ల వేలితో నా మడమ ముట్టుకుని చూసింది. తర్వాత మొహంలోకి చూసింది.

"ఇప్పుడు నువ్వే," అంది. "అప్పుడు కాదు."

వెళ్లి తల్లి ఒళ్లో కూర్చుంది.