మావయ్య అరగదీసిన సముద్రపు అడుగు

మా మావయ్య ఉద్యోగం రాళ్లు అరగదీయడం. భూగర్భ పరిశోధనశాలలో రాతిని పలకగా కోసి, గాజుముక్కకు అంటించి, వెలుతురు దూరేదాకా, అంటే వెంట్రుకలో మూడో వంతు మందం మిగిలేదాకా రుద్దుతాడు. పొద్దున ఉన్న రాయిని సాయంత్రానికి లేకుండా చేసేవాడికి జీతం ఎందుకిస్తారో మా అత్తయ్యకు ఇరవై ఎనిమిదేళ్లుగా అర్థం కాలేదు. నాకూ కాలేదు గానీ, అడిగితే పాఠం మొదలుపెడతాడని నోరు మూసుకున్నాను.

ఆ శాలలో పరిశోధన చేసే మేడమ్ పద్నాలుగేళ్లుగా ఒకే మాట మీద ఉంది. సముద్రం కింద లోతుల్లోని రాయి కరుగుతుంది, ఆ ద్రవం ఎక్కడా ఆగకుండా పైకొచ్చి గడ్డకట్టి సముద్రపు నేల అవుతుంది. కొంత దారిలోనే పాతరాతిలోకి ఇంకి ఉండిపోతుందనేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. చివరికి సముద్రం అడుగును తవ్వే ఓడవాళ్లు ఆ లోతురాయి ముక్క తెచ్చిచ్చారు, సబ్బుబిళ్లంత. అందులోని పాతరాతి గింజల మధ్య, ఇంకిన ద్రవం గడ్డకట్టిన బూడిదరంగు చారల గింజలు కనిపించాయా, ఆమె పద్నాలుగేళ్లూ నీళ్లపాలే.

మావయ్య రెండ్రోజులు రుద్దాడు. గదిలో ఎవర్నీ తుమ్మనివ్వలేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కంచాన్ని వేళ్లతో గుండ్రంగా తిప్పుతుంటే, అత్తయ్య అదీ అరిగిపోతుందని లాక్కుంది.

మూడో రోజు మేడమ్ మైక్రోస్కోపులో కన్నుపెట్టి ఎంతకీ లేవలేదు. ఆమె జరిగాక మావయ్య చూశాడు. ఎర్రగా, నీలంగా మెరిసే పాత గింజల సందుల్లో బూడిదరంగు చారల గింజలు, వెళ్లిపోతామంటూనే తిష్ఠ వేసిన చుట్టాల్లా నిండుగా ఉన్నాయి. తన చేతుల్తోనే ఆమె కొంప ముంచానని బాధపడ్డాడు.

లేచి తలుపు దగ్గరగా వేశాడు. ఇన్నేళ్లలో ఒక్క పలకనూ పోగొట్టని మనిషి, గొంతు తగ్గించి అన్నాడు:

"అమ్మా, ఇంకో నిమిషం రుద్దితే ఇందులో ఏమీ మిగలదు. చెయ్యి జారిందంటాను. మిగతా రాయి దగ్గరా నా చెయ్యే జారుతుంది."

మేడమ్‌కు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ముక్కు తుడుచుకుంది.

"మిగిలిన రాయికి ఎన్ని పలకలొస్తాయి బాబాయ్?"

"నాలుగు."

"నాలుగూ జాగ్రత్తగా రుద్దండి. నేను తప్పని నేనే రాయాలి. ఒక్క పలక చూపిస్తే ఎవరూ నమ్మరు."